పోలమ్మ పేరున ఉన్న మీటరు

బుధవారం రాత్రి

పేద పిల్లల చదువుకు ప్రభుత్వం ఇచ్చే సాయం జాబితాను ఈ రోజు పంచాయతీ ఆఫీసులో చదివారు. చేపలమ్మే పోలమ్మ కూతురి పేరు లేదు. ఆ ఇంట్లో కరెంటు వాడకం ఎక్కువట. కాగితాల్లో పేదరికం ఇలాగే తగ్గుతుంది. పోలమ్మ పేరున మీటరు తీసుకుని తన రొయ్యల గుంటకు వాడుకుంటున్నది సర్పంచి రమణయ్య, నా పాత శిష్యుడు. సాయం అందకపోతే ఆ పిల్ల బడి మాని రొయ్యల తలలు తీయడానికి పోవాల్సిందే.

“మీటరు నీదని రాసియ్యి,” అన్నాను రమణయ్యతో.

“మీకెందుకు అయ్యోరా ఈ గొడవ? అయినా ఆ మీటరు కాయితం మీద సాక్షి సంతకం పెట్టినోళ్లు ఎవురు?” అని నవ్వాడు.

నేనే. పోలమ్మ ఇంటికి దీపం వస్తుందని అతను చెబితే నమ్మాను. ఆ సంతకం చూపించి నా నోరు మూయించవచ్చని అనుకుంటున్నాడు. రేపు కలెక్టరుకు ఇచ్చే అర్జీలో మొదటి వాక్యం నా తప్పు గురించే. రెండోది అతని మీద.