మెట్ల కింద ఆగ్నేయం

ఏప్రిల్ 3
అపార్ట్‌మెంటు మీటర్ బోర్డులన్నీ మెట్ల కిందికి మార్పించాడు ఓనర్. పెద్ద అంబర్‌పేట్‌లో ఆయన ప్లాటు అమ్ముడుపోవడం లేదట, మీటర్లు ఆగ్నేయంలో, అంటే మెట్ల కింద, ఉండాలని వాస్తు పంతులు చెప్పాడట. "ఆగ్నేయం అంటే అగ్గి మూల గద మేడమ్. కరెంటు గూడ అగ్గే. గాన్నే ఉండాలె." అందరూ దిగడానికి ఉన్నవి ఈ మెట్లొక్కటే కదండీ, అన్నాను. నవ్వాడు. ఒళ్ళు మండిపోయింది.

ఏప్రిల్ 6
దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌లో ఇవాళ జాతీయాలు చెప్పాను. నిప్పులు చెరగడం... నిప్పు తొక్కిన కోతి... నల్గొండ అమ్మాయి లేచింది. "మేం నిప్పనం మేడమ్, అగ్గంటం. అగ్గిపెట్టె అంటరు గానీ నిప్పుపెట్టె అంటరా ఎవలన్న?" క్లాసంతా నవ్వు. నేనూ నవ్వాను.
కడుపులో నిప్పులు పోసుకోవడం – ఇది చెప్పకుండా తర్వాతి జాతీయానికి వెళ్ళిపోయాను. ఇంట్లో, మూడో అంతస్తులో అమ్మ. తుంటి ఆపరేషనై నెల. వాకర్ లేనిదే అడుగు పడదు.

ఏప్రిల్ 9
మెట్ల దగ్గర ప్లాస్టిక్ మాడిన వాసన. బోర్డు తలుపు మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. అమ్మో.

ఏప్రిల్ 10
ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించాను. "వైర్లన్నీ అతుకులేసిన్రు మేడమ్. గీ ఎండలకు అందరు ఏసీలేస్తే కష్టం. బయట గోడకు మార్చాలె." ఓనర్‌కి ఫోన్ చేశాను. "ఎందుకు పరేషాన్ అయితరు మేడమ్? మొన్ననే మూఢమొచ్చె. మూఢంల పని పెట్టొద్దు. పోయినంక మార్పిస్త." ఇంకా పద్దెనిమిది రోజులు!
పోనీ ఇల్లు మారదామమ్మా అంటే, "మూఢంలో పాలు పొంగిస్తారుటే ఎక్కడైనా? మన గుంటూరులో ఎవరైనా వింటే నవ్విపోతారు."
ఇద్దరూ ఇద్దరే. నేనూ ఊరుకున్నాను.

ఏప్రిల్ 14
అమ్మను కిందికి దించి చూశాను. ఒక్క అంతస్తు దిగడానికే పావుగంట. "ఇప్పుడెందుకే ఈ సర్కస్సు?" ఇంకో మెట్టు దించాను.

ఏప్రిల్ 17
క్లాసులో ఉండగా అమ్మ ఫోన్. "మెట్ల వైపు నుంచి పొగలాంటిది వస్తోందే. తలుపు తీసి చూడనా?" తీయకమ్మా, తలుపు కింద తడిగుడ్డ పెట్టు, బాల్కనీలోకి పో – అరిచాను. పిల్లలందరూ బిక్కచచ్చిపోయారు.
ఫైర్ స్టేషన్‌కి చెప్పాను. మా అపార్ట్‌మెంటు మన్సూరాబాద్‌లో అని మూడుసార్లు చెప్పాను. ఓనర్‌ది స్విచాఫ్.
మెట్రోలో రాస్తున్నాను. ఆరోజే అమ్మ మాట వినకుండా వేరే ఇంటికి తీసుకుపోవాల్సింది... బలవంతంగానైనా.
చైతన్యపురి దాటింది. నేను దిగాల్సిన ఎల్బీ నగర్‌కి ఇంకా రెండు స్టేషన్లు.
అమ్మ ఫోన్ రింగవుతోంది. ఎత్తడం లేదు. బాల్కనీలో ఉంది, ఫోన్ లోపల వదిలేసి ఉంటుంది, అంతే.
మళ్ళీ చేస్తున్నాను.