ఇరవయ్యో ప్రశ్న

అక్టోబర్ 10

ఫోన్ తీసుకున్నారు. కిటికీకి అట్ట అంటించారు. దేశమంతా రాసే కాలేజీ ప్రవేశ పరీక్షకు ఫిజిక్స్ ప్రశ్నలు తయారు చేయాలి. పరీక్ష ముగిసేదాకా, అంటే ముప్పై ఐదు రోజులు, ఈ హోటల్ దాటకూడదు. ఎక్కడున్నామో ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకూడదు.

కెనడాలో ట్రైనింగ్ అని అక్కకు అబద్ధం చెప్పి వచ్చాను. తను డేజాన్ నగరంలో ఆసుపత్రిలో ఉంది. పాంక్రియాస్ కేన్సర్. జబ్బు ప్రస్తుతానికి ఆగింది, ఇంకో మూడు నెలలు ఫరవాలేదన్నాడు డాక్టరు. వెళ్లవే పిచ్చిమొహమా, నా మంచం పక్కన కూర్చుని ఏం పీకుతావు అని తనే తరిమింది. అత్యవసరమైతే చేయమని ఆఫీసు నంబరొకటి బావగారికి ఇచ్చాను.

ఇంట్లో ఎవరికైనా తీవ్రమైన జబ్బుందా అని ఫారంలో అడిగారు. లేదని రాశాను. ఉందంటే తీసుకోరు. నాకు పేరు కావాలి మరి.

అక్టోబర్ 13

ఇరవయ్యో ప్రశ్న నాది. అన్నిటికన్నా కష్టమైనది అదే కావాలి. వాలుబల్ల మీద జారే దిమ్మె, దాని త్వరణం. మా ప్రశ్నలు సరిచూసే నామ్‌గూంగ్ ప్రొఫెసర్ చదివి, ఇది మా మనవరాలు కిమ్చి పచ్చడి నములుతూ చేసేస్తుందమ్మా అన్నాడు. అందరూ నవ్వారు. మళ్లీ రాయాలి.

అక్టోబర్ 21

ఆరోసారి వెనక్కొచ్చింది.

అక్టోబర్ 27

దిమ్మెను ఈసారి వాలు పైకి తోశాను. పైన ఒక్క క్షణం ఆగుతుంది. అప్పుడు వేగం సున్నా, త్వరణం మాత్రం సున్నా కాదు. పిల్లలు ఇక్కడే బోల్తా పడతారని ప్రొఫెసర్‌కు ఒకటే సంబరం. నాకు ఒళ్లు మండింది. ఆగినట్టు కనిపించినా, కిందికి లాగేది లాగుతూనే ఉంటుంది. అక్క జబ్బు ఆగిందని నేనెలా నమ్మాను? బుద్ధిలేనిదాన్ని.

నవంబర్ 4, ఉదయం 9

సెక్యూరిటీ ఆఫీసర్ సోక్ పిలిచాడు. బావగారు ఫోన్ చేశాడట. తెల్లవారుజామున అక్క పోయింది.

ఉదయం 11

అమ్మో నాన్నో పోతే కాపలా మనిషిని వెంటబెట్టుకుని మూడు గంటలు వెళ్లిరావచ్చు. నా కుటుంబ ధ్రువపత్రం తీశారు. అందులో తల్లిదండ్రులు, భర్త, పిల్లలే ఉంటారు. నాకు పెళ్లి కాలేదు. అమ్మానాన్నల పేర్ల పక్కన మృతి అని ఉంది, నాకు ఎనిమిదేళ్లప్పటి నుంచీ ఉంది. నాకు జడ వేసింది అక్క. అన్నం పెట్టి చదివించింది అక్క. ఆ కాగితంలో అక్క పేరే లేదు.

మేడమ్, నాకూ ఒక అక్క ఉందండీ, కానీ రూల్ నా చేతుల్లో లేదు అన్నాడు సోక్. నోటికొచ్చినట్టు తిట్టాను. పెన్సిళ్ల డబ్బా గోడకేసి కొట్టాను. పాపం, ఆయనే వంగి ఏరాడు.

నవంబర్ 6

మూడో రోజు. మా ఆచారం ప్రకారం ఈ పొద్దున్నే అక్కను ఎత్తి ఉంటారు.

ఇరవయ్యో ప్రశ్న ఓకే అయింది. భోజనాల దగ్గర ప్రొఫెసర్ తన గుడ్డు తీసి నా గిన్నెలో పెట్టాడు. తినలేకపోయాను.

నవంబర్ 13, సాయంత్రం 6

వదిలారు. ఫోన్ చేతికొచ్చింది. బావగారికి చేశాను, ఎక్కడున్నానో చెప్పాను. ఆయన తిట్టలేదు. ఆఖరి వారమంతా అక్క ఫోన్ చేతిలోకి తీసుకుని, కెనడాలో ఇప్పుడు టైమెంత అని అడిగేదట. నిద్రపోతూ ఉంటుందిలే, పాపం, లేపకండి అని పక్కన పెట్టేసేదట.