నాలుగో మనిషి

భట్టిప్రోలు
ఆగస్టు 20, 1987

చిరంజీవి దేవకుమారికి అన్నయ్య దీవెనలు. ఇక్కడ నేనూ, మీ వదిన రత్నమూ, మొన్న ఈనిన గేదే క్షేమం. పాండిచ్చేరి పెద్దాసుపత్రిలో నర్సుగా ఊరందరికీ సూదులు పొడుస్తున్నావు కదా అని నీ ఒంటి సంగతి మర్చిపోకు.

విషయం ఏమిటంటే, దసరా సెలవుల్లో మీ ఊరు చూడాలని ఉంది. ఫ్రెంచివాళ్ళూ అరవవాళ్ళూ కలిసి బతికిన ఊరని బడిలో పాఠం చెప్పడమే తప్ప కళ్ళతో చూసింది లేదు. హెడ్మాస్టరు జీతానికి తగ్గ ప్రయాణమేలే. తెనాలి దాకా పాసింజరు, అక్కణ్ణించి మద్రాసు రైలు, ఆపైన బస్సు. తిండి మూట కట్టుకొస్తాం, నీ గదిలోనే చాప పరుచుకుంటాం, రెండు రోజులుండి వచ్చేస్తాం. నేను, వదిన, అడవులదీవి నుంచి మన మేనత్త అచ్చమ్మ, ఇంకో మనిషి. మొత్తం నలుగురం.

ఇట్లు,
నీ అన్నయ్య దేవదానం

తా.క.: ఆ ఇంకో మనిషి ఎవరని అడక్కు. నాకూ ఇంకా తెలీదు.


పాండిచ్చేరి
ఆగస్టు 28

అన్నయ్యకు, వదినకు వందనాలు. మీరు వస్తున్నారని వార్డులో జ్వరాలవాళ్ళకు కూడా చెప్పేశాను. కానీ నా గది ఎంతని? ముగ్గురికైతే ఎలాగో చాప పడుతుంది. నాలుగోవారు కూడా వస్తే నేను సైకిలు మీద పడుకోవాలి. ముగ్గురే రండి.

ఊరు మాత్రం చూసి తీరాలి. మధ్యలో కాలువ. ఇటు అరవవాళ్ళ వీధులు, ఇంటింటికీ అరుగులు. అటు తెల్లవాళ్ళ వీధులు, పసుపు గోడలు, గోడల మీంచి కాగితంపూలు. ఆ కాలువే ఒకప్పుడు సరిహద్దని ఇంటివాళ్ళబ్బాయి సవరి చెప్పాడు. ఇక్కడి పోలీసులకు ఎర్రటోపీలు. అవి ఫ్రెంచివాళ్ళ నాటివని సవరి చెప్పాడు. పొద్దున్నే చేతికర్రంత పొడుగు రొట్టె అమ్ముతారు. ఏ కొట్లో బాగుంటుందో కూడా సవరి చెప్పాడు. అతను బళ్ళో ఫ్రెంచి పాఠాలు చెబుతాడు. ఇంట్లో అతనూ, వాళ్ళమ్మా, అంతే. ఆర్సీఎం కాథలిక్కులు, అయినా మంచివాళ్ళు.

నీ చెల్లెలు
దేవకుమారి

తా.క.: ఆర్సీఎం వాళ్ళంటే మన లూథరన్ సంఘంలో ఇంకా అలాగే మొహం చిట్లిస్తున్నారా? ఊరికే అడిగాను.


భట్టిప్రోలు
సెప్టెంబరు 5

చి. దేవకుమారికి దీవెనలు. నీ ఉత్తరం వదినకూ అత్తయ్యకూ చదివి వినిపించాను. అత్తయ్య రెండోసారి కూడా చదివించుకుంది.

నలుగురమే వస్తాం. ఇందులో బేరం లేదు. నాలుగో మనిషి కూడా దొరికాడు. చెరుకుపల్లి వరప్రసాదం మాస్టారు. నెమ్మదస్తుడు, పర్మనెంటు ఉద్యోగం, కూనిరాగం తప్ప దురలవాటు లేదు. "పాండిచ్చేరి వస్తావటయ్యా?" అంటే "తమరి వెంట ఎక్కడికైనా వస్తానండి" అన్నాడు. ఈ రోజుల్లో అంత మాట ఎవరంటారు?

ఇట్లు,
అన్నయ్య

తా.క.: సంఘంలో మొహాలు అలాగే ఉన్నాయి. మనమంటే వాళ్ళ మొహాలూ అలాగే ఉంటాయిలే.

ఇంకొకటి: చీరాల బట్టల మూటతో వచ్చే బసవపున్నయ్య దగ్గర వదిన నీకో మంచి చీర తీసింది.


పాండిచ్చేరి
సెప్టెంబరు 11

అన్నయ్యా, వందనాలు.

నెమ్మదస్తుడు, పర్మనెంటు ఉద్యోగం, పైగా కొత్త చీర! నాకు ముప్పై ఒకటి నిండాయి, ఆ మాత్రం తెలీదా? ఊరు చూసే వంకతో పెళ్ళికొడుకును రైలెక్కించి తెస్తున్నావు. ఆ వరప్రసాదంగారు వస్తే రెండు రోజులూ నేను డ్యూటీలోనే ఉంటాను. నన్ను చూడాలంటే ఆయనకు కాలో చెయ్యో విరగాలి.

నీకు చెప్పాల్సిన మాట ఒకటుంది. ఉత్తరంలో రాసే ధైర్యం లేదు, ఎదురుగా చెబుతాను. అమ్మా నాన్నా పోయాక వంకరగానైనా నాకు జడేసి బడికి పంపినవాడివి నువ్వు. నీ నోట కాదనిపించుకుంటే తట్టుకోలేనన్నయ్యా. అందుకే భయం.

దేవకుమారి

తా.క.: చీర ఏం తప్పు చేసింది? దాన్ని రానివ్వు.


భట్టిప్రోలు
సెప్టెంబరు 18

చి. దేవకుమారికి దీవెనలు. వరప్రసాదాన్ని రావద్దన్నాను. పాపం, అప్పటికే పెట్టె సర్దుకున్నాడు. నీ మాటే నెగ్గింది, సంతోషమేనా?

అయినా నలుగురమే వస్తాం. ఈసారి నాలుగోవాడితో నీకే ఇబ్బందీ ఉండదు. మూల పడి ఉంటాడు, పెట్టినా తినడు. అక్టోబరు నాలుగు, ఆదివారం పొద్దున బస్టాండుకు రా.

ఇట్లు,
అన్నయ్య

తా.క.: అత్తయ్య బుట్టెడు ఎండుచేపలు తెస్తోంది. ఫ్రెంచివాళ్ళెవరైనా మిగిలుంటే వాళ్ళకు ముందే చెప్పి ఉంచు.


పాండిచ్చేరి
అక్టోబరు 6

అన్నయ్యకు వందనాలు. క్షేమంగా చేరారని తలుస్తాను. కోపం మీదే రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే కళ్ళజోడు తుడుచుకోకు.

బస్సు దిగింది ముగ్గురు. "నాలుగో మనిషేడీ?" అంటే "వచ్చాడులే" అన్నావు. అత్తయ్య ఎర్రటోపీ పోలీసును కూలీ అనుకుని "ఏం నాయనా, కాస్త బుట్ట పట్టు" అంది. ఆయనకు మాట అర్థం కాలేదుగానీ బుట్ట మాత్రం ఎత్తాడు. ఫ్రెంచి రొట్టెను నువ్వు చారులో ముంచుకు తిన్నావు. అవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉన్నాయి.

కానీ ఇంటివాళ్ళు భోజనానికి పిలిస్తే ఏం చేశావు? ఎంత చదివావు, తండ్రి ఎప్పుడు పోయాడు, సిగరెట్టు తాగుతావా అని సవరిని జనాభా లెక్కలవాడిలా అడిగావు. నేను నేర్పిన నాలుగు తెలుగు ముక్కలతో పాపం అతను చెమటలు కక్కుతూ జవాబులు చెప్పాడు. సముద్రం ఒడ్డున నేను మాట ఎత్తబోయినప్పుడల్లా "ఆ విగ్రహం ఎవరిదమ్మా?" అన్నావు. బస్సెక్కి "వెళ్ళి ఉత్తరం రాస్తాం" అన్నావు. అంతే, వెళ్ళిపోయావు.

ఇక రాసేస్తున్నాను. సవరి నన్ను చేసుకుంటానన్నాడు. నాకూ ఇష్టమే. నువ్వు కాదంటే చేసుకోను. కానీ ఇంకెవరినీ కూడా చేసుకోను.

దేవకుమారి

తా.క.: ఎవరైనా తువ్వాలు మర్చిపోతారు. మీరు తువ్వాలులో చుట్టి ఒక రాయిని నా మంచం కింద వదిలేశారు. అదేదో మన లూథరన్‌వాళ్ళ పవిత్రమైన రాయనుకుని సవరి వాళ్ళమ్మ మరియమాత పటం పక్కన పెట్టి కొవ్వొత్తి వెలిగించింది. ఆవిడకు ఏం చెప్పమంటావు?


భట్టిప్రోలు
అక్టోబరు 12

చిరంజీవి దేవకుమారికి అన్నయ్య దీవెనలు.

పిచ్చిదానా, ఊరు చూడ్డానికి వచ్చేవాడెవడైనా రాయి మోసుకొస్తాడటే?

సంబంధం చూడ్డానికి ముగ్గురు బయల్దేరకూడదని అమ్మ చెప్పేది గుర్తులేదూ? నాలుగోవాడు దొరక్కపోతే రాయినైనా వెంట తీసుకెళ్ళాలనేది. వరప్రసాదాన్ని అందుకే పిలిచాను. అతనికి మనవలున్నారు తల్లీ, నువ్వు కాదన్నావని తెలిస్తే వాళ్ళావిడ నవ్వి చస్తుంది. చివరికి మన కాలవగట్టు మీద రాయి తీసి సంచిలో వేశాను. ఇలాంటివి నమ్మకూడదని సంఘంలో నిలబడి చెప్పింది నేనే. నా పనైతే ముగ్గురమే బయల్దేరేవాళ్ళం. నీ పని కాబట్టి ధైర్యం చాల్లేదు.

ఆగస్టులో నువ్వు రాసిన ఉత్తరం చదవగానే అత్తయ్య అంది, "కాలువ సవరే చెప్పాడు, టోపీ సవరే చెప్పాడు, రొట్టె సవరే చెప్పాడు. ఆ ఊళ్ళో ఇంకెవరికీ నోరు లేదంటరా?" అని. అంతకుముందు రెండేళ్ళ ఉత్తరాల్లోనూ ఇంటివాళ్ళబ్బాయి ముచ్చట్లేగా. అందుకే ఈ ప్రయాణం పెట్టుకున్నాను. నీకు ముందే చెబితే ఆ అబ్బాయికి ఇస్త్రీ చొక్కా తొడిగి కూచోబెడతావని ఊరు చూస్తామన్నాను. ఎండుచేపల పులుసు తిని అతని కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. అయినా అత్తయ్య చిన్నబుచ్చుకుంటుందని మళ్ళీ వడ్డించుకున్నాడు. సోమవారం పొద్దున్నే నీ సైకిలుకు గాలికొట్టి, ఏమీ ఎరగనట్టు లోపలికెళ్ళిపోయాడు. నువ్వు చూడలేదు, నేను చూశాను. అప్పుడే నాకు గుండె నిండిపోయింది.

సంబంధం చూసినవాళ్ళు అక్కడికక్కడే మాటిస్తారా? ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తామనడం మన ఆనవాయితీ కాదూ! ఇదిగో, ఇదే ఆ ఉత్తరం.

అబ్బాయి మాకందరికీ నచ్చాడు. పెళ్ళి ఏ చర్చిలోనో మా పాస్టరుగారూ వాళ్ళ ఫాదరుగారూ తేల్చుకుంటారు. వాళ్ళు తేల్చుకోలేకపోతే అత్తయ్యను పంపిస్తాను.

ఇట్లు,
జడ వేయడం ఇప్పటికీ సరిగా రాని
నీ అన్నయ్య దేవదానం

తా.క.: రాయిని మర్చిపోలేదు, కావాలనే వదిలి వచ్చాం. మాట ఖాయం చేసుకోవడానికి నువ్వూ, సవరీ, వాళ్ళమ్మా ఇక్కడికి రావాలిగా? లెక్కపెట్టుకో, ముగ్గురవుతారు. రాయిని తెచ్చుకోండి. కొవ్వొత్తి మాత్రం ఆర్పి మరీ తెండి.