పెద్దాయన సెలవు

మార్చి 4, మంగళవారం

మళ్ళీ స్టాకు తగ్గింది. గోడౌన్‌లో ఉండాల్సిన ఇరవై లీటర్ల పెయింట్ బకెట్లు లేవు. బిల్లులూ లేవు. తాళాలు ఉండేది ఇద్దరి దగ్గరే. క్యాష్ చూసే పెద్దాయన, రంగులు కలిపే మిషను దగ్గర ఉండే మా మరిది. పెద్దాయన మా మామగారి కాలం నుంచీ ఉన్నాడు, ఒక్క రోజు సెలవు పెట్టి ఎరగడు. మరిదేమో ఈ మధ్యే కొత్త బండి కొన్నాడు. ఫోన్ మోగితే చాలు, షాపు బయటికి పరిగెడుతున్నాడు.

రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు.

మార్చి 6

మా ఆయనకు నా అనుమానం చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సింది. తమ్ముడి పేరు వినగానే కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయారు.

మార్చి 9, ఆదివారం

అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు. అత్తగారు ఒకరి తర్వాత ఒకరికి వడ్డిస్తోంది. ఏమైందే వీళ్ళకి అని నన్నే అడిగింది. తలనొప్పిగా ఉందని చెప్పి గదిలోకి వచ్చేశాను.

మార్చి 15, శనివారం

షాపు లెక్కలు చూసే ఆడిటర్‌గారు వచ్చారు, అంతా చెప్పాను. ముందు ఆ అనుమానాలు కట్టిపెట్టమ్మా అన్నారు. అందరికీ వంతులవారీగా వారం సెలవిచ్చి, వాళ్ళ సీట్లో నువ్వు కూర్చో, ఎవరు వద్దంటారో కూడా చూడు అన్నారు.

మరిదికి చెబితే, నిజంగానా వదినా, జీతంతోనేనా అని ఎగిరి గంతేసినంత పని చేశాడు. పెద్దాయన ముఖం మాత్రం మాడిపోయింది. నాకెందుకమ్మా సెలవు, ఇంట్లో తోచి చావదు అన్నాడు. పోనీ వచ్చే నెల చూద్దామన్నాడు. పోనీ మధ్యాహ్నం దాకా వచ్చి వెళతానన్నాడు. అంత నమ్మకస్థుణ్ణి బాధపెడుతున్నానే అని ప్రాణం ఉసూరుమంది. అయినా మొదటి వారం పెద్దాయనకే ఇచ్చాను.

మార్చి 17, సోమవారం, ఉదయం 11

క్యాష్ దగ్గర కూర్చున్నాను. పాత కస్టమర్, పెయింటింగ్ మేస్త్రి వచ్చాడు. నాలుగు బకెట్లు కావాలన్నాడు. స్కాన్ చెయ్యమని కౌంటర్ మీది స్టిక్కర్ చూపించాను.

ఇది కాదమ్మా, రెండోది ఇవ్వండి అన్నాడు.

ఏ రెండోది అన్నాను.

పెద్దాయన సొరుగులోంచి తీసి ఇస్తాడు కదమ్మా, దానికి కొడితే బిల్లుండదు, రేటు కూడా తగ్గిస్తాడు అన్నాడు. ఎంత మామూలుగా అన్నాడో! రెండు టీలు చెప్పండి అన్నట్టు.

సొరుగంతా వెతికాను. రబ్బరు బ్యాండ్ల కింద ఆ రెండో స్టిక్కర్ దొరికింది. నా ఫోన్‌తో స్కాన్ చేస్తే పెద్దాయన బావమరిది పేరు వచ్చింది.

అదే రోజు, సాయంత్రం

కోపం రావాలి. రావడం లేదు. మరిది కాదు. మరిది కాదు!

మా ఆయనకు ఫోన్ చేశాను. అంతా విన్నాక ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. బండి లోన్‌కి హామీ సంతకం పెట్టింది తనేనట. ఆ ఫోన్లు ఒక అమ్మాయివట. ఆ సంగతీ ఆయనకు తెలుసట. నాకే తెలీదు.

మరిదికి అంతా నేనే చెప్పాను. ముందు నవ్వాడు. తర్వాత నవ్వలేదు. నన్నే ఒక్క మాట అడగొచ్చుగా వదినా అన్నాడు. నేను తల దించుకుంటే, సరేలే, ఆ అమ్మాయి గురించి అమ్మకి నువ్వే చెప్పాలి, అదే నీకు శిక్ష అన్నాడు. రాత్రి అన్నదమ్ములు ఒకేసారి భోజనానికి కూర్చున్నారు. అత్తగారు ఇద్దరికీ అడక్కుండా మారు వడ్డించింది.

మార్చి 19, బుధవారం

పెద్దాయనను పిలిపించాను. ఆడిటర్‌గారు పక్కనే ఉన్నారు. స్టిక్కర్ బల్ల మీద పెట్టాను. కాదనలేదు.

ఒకరోజు షాపు స్కానర్ పనిచెయ్యకపోతే కస్టమర్ డబ్బు బావమరిది నంబరుకు వేయించాడట. మర్నాడే కట్టేద్దామనుకున్నాడట. మీరు అడుగుతారని వారమంతా ఎదురుచూశానమ్మా, అడగలేదు అన్నాడు. ఆ తర్వాత జ్వరం వచ్చినా ఇంట్లో పడుకోవడానికి భయమేసిందట, తన సీట్లో ఇంకొకరు కూర్చుంటారని.

నెలనెలా తిరిగి కడతానని రాసిచ్చాడు. పోలీసుల దాకా వెళ్ళలేదు. తాళాలు బల్ల మీద పెట్టి, నా ముఖం చూడకుండా వెళ్ళిపోయాడు. అప్పుడు మాత్రం ఏడుపొచ్చింది.

మార్చి 24, సోమవారం

ఇకనుంచి బిల్లు లేనిదే బకెట్ గడప దాటదు. బిల్లు రాసేవాళ్ళ దగ్గర తాళం ఉండదు. షాపు కట్టేముందు ఫోన్ పేమెంట్లూ బిల్లులూ పక్కపక్కన పెట్టి చూసుకుంటాను. ముందు నన్నే చెక్ చెయ్యి వదినా అంటున్నాడు మరిది, పెద్ద పెద్దమనిషిలాగా.

మార్చి 27, గురువారం

పెద్దాయన భార్య షాపుకొచ్చింది. పోట్లాటకేమో అనుకున్నాను. స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ రోజు ఇంటికొచ్చి చెప్పాల్సిందంతా చెప్పాక పడుకున్నాడమ్మా, మర్నాటిదాకా లేవలేదు, ఊపిరి ఆడుతోందో లేదో అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను అంది. రోజూ అలాగే నిద్రపోతున్నాడట.

నేను కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో, వింటుంటే నాకు ఆవులింత వచ్చింది. నన్ను చూసి ఆమెకూ వచ్చింది.