కొత్త తాళం, లోపలి దొంగలు

ఏమండీ, రాత్రికి గింజల మీద కప్పే బరకం పట్టా అడిగి తేవడానికి అక్కవాళ్ళింటికి వెళ్తున్నాను. ఈలోగా కొట్టుగదిలోని మొక్కజొన్న బస్తాలన్నీ విప్పి మేడమీద ఎండబోయండి. గింజ కొరికితే టక్కుమనేదాకా మళ్ళీ మూతి కుట్టకండి. ఈసారి కింద చెక్కలు వేసి, గోడకు జానెడు ఎడంగా పెట్టండి.

పోయిన నెల "ఎండిందిలే, నాకు తెలీదా" అంటూ పచ్చిగింజల్ని బస్తాలకెత్తి, దొంగల భయంతో గదికి అరచేయంత తాళం వేశారు. దొంగలు లోపలే ఉన్నారు మహానుభావా! పొద్దున తలుపు తీస్తే ముక్కుపురుగులు పిల్లాపాపలతో కాపురం చేస్తున్నాయి.

భోజనం మూతపెట్టాను. తిన్నాకే మేడెక్కండి, ఎండకు కళ్ళు తిరుగుతాయి.

అన్నట్టు, పొయ్యి మీద పొగకు నేను వేలాడదీసిన కండెల్ని చూసి నవ్వారుగా, వాటికి ఒక్క చిల్లు కూడా పడలేదు. విత్తనానికి ఇక అవే దిక్కు. లేకపోతే మీ తాళమే నాటుకోవాల్సింది.