నారింజ పూల కాలంలో నా నడుము

మార్చి 10, ఉదయం 9

హాజర్ దగ్గరికి వెళ్లాను. మా నాబుల్ ఊళ్లో ఫిజియోథెరపీ చేసే పిల్ల. ఒకప్పుడు నా తరగతిలో మూడో బెంచీ. ఇప్పుడు నన్నే బల్ల మీద బోర్లా పడుకోబెట్టే స్థాయికి ఎదిగింది!

స్కానింగ్ ఫిల్మును వెలుతురుకి పట్టి చూపించింది. "టీచర్ గారూ, ఎముకకీ ఎముకకీ మధ్య ఈ మెత్తలున్నాయే, వీటినే డిస్కులంటారు. మక్రూద్ మిఠాయిని ఒక వైపు నొక్కితే ఖర్జూరపు ముద్ద రెండో వైపు పొంగుతుంది కదా? మీ డిస్కు అలా పొంగి నరాన్ని నొక్కుతోంది. అందుకే ఎడమ కాల్లో ఆ లాగుడు."

"అయితే కత్తేనా?"

"చాలామందికి కత్తి లేకుండానే తగ్గుతుంది. ఆరు వారాలు చెప్పినట్టు చెయ్యండి. ఏప్రిల్ 21న మీ కాలి బొటనవేలి బలం చూస్తాను. బలం తిరిగి రాకపోతే సర్జన్‌కి చీటీ రాస్తాను. పాదం వాలిపోయినా, ఒంటికీ రెంటికీ పట్టు తప్పినా మాత్రం ఆ క్షణమే ఆసుపత్రికి."

కత్తంటే నాకు చచ్చేంత భయం. ఈ సంగతి ఈ డైరీకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

మార్చి 11, ఉదయం 6

ఈ రోజు నుంచి ఈ రఫీకా కొత్త మనిషి!
- బోర్లా పడుకుని, చేతుల ఆనికతో ఛాతీ పైకి లేపడం: పదిసార్లు, రోజుకు మూడు పూటలు.
- నడక: ఇరవై నిమిషాలు, రెండు పూటలా.
- నేల మీద కూర్చోవడం, నడుము వంచడం, బరువులెత్తడం: నిషేధం.

చేసినప్పుడల్లా టిక్కు పెట్టడానికి హాజర్ గళ్ల కాగితం ఇచ్చింది. మొదటి టిక్కు పడింది. ముప్పై ఏళ్లు పిల్లలకి పెట్టాను, నాకు నేను పెట్టుకోవడం ఇదే మొదలు.

మా ఆయన మోన్సెఫ్ గుమ్మంలో నిలబడి చూశారు. "ఒడ్డున పడ్డ తాబేలులా ఉన్నావే."

"తాబేలుకి నూరేళ్లు. మీ సంగతి చూసుకోండి."

మార్చి 15

ఐదు రోజులుగా ఒక్క పూటా తప్పలేదు! లాగుడు పిక్క నుంచి తొడకు వచ్చింది. నొప్పి కాలు వదిలి నడుము వైపు జరిగితే మంచి లక్షణమేనట. ఆరు వారాలెందుకు, నాకు మూడు చాలు.

మార్చి 20, ఉదయం 7

వీధిలోకి నారింజ పూలు వచ్చేశాయి. వాసన కిటికీ దూకి లోపలికి వచ్చింది. చూసి వద్దామని బజారుకు వెళ్లాను. చూడడం నడక కిందికే వస్తుంది.

పూలనీరు దింపడానికి ఒక తూకం, అంటే నాలుగు కిలోలు, కొన్నాను. మోసింది కోడలు ఎమ్నా. కాబట్టి నా తప్పేమీ లేదు.

మార్చి 21

పూలు దుప్పటి మీద పరిచాం. ఆకులూ పుల్లలూ ఏరాలి. ఎమ్నా బల్ల దగ్గర ఏరదామంది. పూలు బల్లెక్కిన ఇల్లు ఈ వీధిలో లేదు. రెండు గంటలు నేల మీదే కూర్చున్నాను. చేతులకి మంచి వ్యాయామం.

టిక్కు: ఒకటి. అదీ సగం.

మార్చి 27

పూలనీరు దింపే రాగి బట్టీ కింద మంట ఆరడం లేదు. పొద్దున వచ్చిన పువ్వు మర్నాటికల్లా ఉడకాలి, డిస్కు ఆగుతుంది, పువ్వు ఆగదు. వ్యాయామం రేపు.

మార్చి 28

రేపు.

మార్చి 29, సాయంత్రం 5

కాగితంలో గళ్లన్నీ ఖాళీగా ఉంటే కళ్లకి ఇబ్బందిగా ఉంది. నింపేశాను. మనసులో చేసినట్టే.

మార్చి 31, ఉదయం 8

నీళ్లూ పూలూ నింపిన బట్టీని పొయ్యి మీదికి ఎక్కించాలి. "అత్తయ్యా, ఆగండి, నేనూ ఒక చెయ్యి..." అని ఎమ్నా అంటూనే ఉంది. ఎత్తాను.

ఎత్తింది బట్టీని. లేవనిది నేను.

ఏప్రిల్ 1

మంచం. ఇంటిల్లిపాదీ నన్ను కదలనివ్వడం లేదు. మోన్సెఫ్ అయితే చెంచాతో తినిపిస్తున్నారు! నలభై రెండేళ్ల కాపురంలో మొదటిసారి. ఇంకో వారం పడుకోవచ్చు.

ఏప్రిల్ 3, ఉదయం 10

హాజర్ ఇంటికే వచ్చింది. పాదం పరీక్షించింది. "వాలలేదు, అదృష్టం. లేవండి టీచర్ గారూ."

"నొప్పే తల్లీ!"

"నొప్పి ఉన్నంత మాత్రాన ఏదో తెగిపోయినట్టు కాదు. మంచంలో పడి ఉంటే ఇంకా బిగుసుకుపోతుంది. వంటింటి దాకా నడవండి. నెమ్మదిగా."

నడిచాను. నాకొచ్చిన తిట్లన్నీ దారిలో ఖర్చయ్యాయి. చెంచా భోజనం రద్దు.

ఏప్రిల్ 8

నాకు ఎత్తు కుర్చీ. ఎమ్నాకు బట్టీ. నేను ఆజ్ఞాపిస్తాను, ఆమె చేస్తుంది.

"మోకాళ్లు వంచు! నడుము కాదు! కుండని పొట్టకి దగ్గరగా పట్టుకో!"

"అత్తయ్యా, ఇవన్నీ మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి?"

మంట తగ్గించమన్నాను. గొట్టం చివర తొలి చుక్క పడింది. కాఫీలో వేసి తాగి చూశాను. నేను దింపిన నీరంత బాగుంది. ఈ వాక్యం ఎవరూ చదవకూడదు.

ఏప్రిల్ 21, ఉదయం 9

పరీక్ష. హాజర్ నా బొటనవేలిని కిందికి నొక్కింది, నేను పైకి లేపాను. మళ్లీ నొక్కింది. లేపాను!

"బలం ముప్పావు వంతు వచ్చింది. బజారు నడకే కాపాడింది మిమ్మల్ని." అని, గళ్ల కాగితం అందుకుంది. గళ్ల మీద వేలు పెట్టి చూసుకుంటూ వచ్చింది.

"మంచంలో పడి ఉన్న రోజులకీ టిక్కులున్నాయి."

నేను చెప్పులు వెతుక్కున్నాను.

"టీచర్ గారూ, రేపటి వ్యాయామం కూడా అయిపోయిందా?"

నెలాఖరు వరకూ నింపేశానన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ముప్పై ఏళ్లలో ఏ పిల్లా ఇంత తెలివితక్కువగా నాకు దొరకలేదు.

"సర్జన్ చీటీ రాస్తావా?" అని అడిగాను.

"ఇప్పుడే రాయను. ఇంకో ఆరు వారాలు. ఈసారి టిక్కులు ఎమ్నా పెడుతుంది."

ఏప్రిల్ 22, ఉదయం 6

మొదటి రోజు! పదికి పది. ఎమ్నా పక్కనే నిలబడి లెక్కపెట్టింది. ఏడోదాన్ని సరిగ్గా లేవలేదని కొట్టేసింది. మళ్లీ చేయించింది. ఇంత కఠినురాలని పెళ్లిచూపుల్లో తెలియలేదు.

ఉదయం 8. బజారులోకి అత్తరాకు, అదే సువాసన జెరేనియం, వచ్చిందట, ఆ నీరూ దింపాలి. నడకే కదా, వెళ్తున్నాం. చేతులు వెనక్కి కట్టుకునే నడుస్తాను. వాసన చూడాలంటే బస్తా దగ్గరికి నేను వంగను. బస్తాయే నా ముక్కు దాకా లేస్తుంది. ఎమ్నా ఎత్తుతుంది, మోకాళ్లు వంచి.