ఏడో గ్రీన్ మీద ఆగిన మిషను

ఏమయ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున నీ ఫొటోకు దండ వేసి, నీ బదులు నాకిచ్చిన పనికి ఎప్పటిలాగే కాజీపేట బస్సెక్కాను.

వానలు పడేలోగా గోల్ఫ్ మైదానంలోని గ్రీన్లకు, బంతి పడే గుంటల చుట్టూ ఉన్న పొట్టి గడ్డి మళ్లకు, రంధ్రాలు పొడవాలి. మట్టి గట్టిపడి, వేళ్లకు గాలి అందక గడ్డి పసుపుబారుతోంది. రంధ్రాలు పొడిచే నీ మిషను ఏడో గ్రీన్ నడుమ ఆగిపోయింది. తాడు లాగి లాగి నా భుజం పట్టేసింది.

మేనేజర్ వచ్చాడు. "నడుమ ఆగితే ఆయన మళ్ల ఎట్ల స్టార్ట్ చేసేటోడమ్మా? నీకు చెప్పలేదా?"

"చెప్పలే సార్."

ఎన్నిసార్లు అడిగాను! టిఫిన్ డబ్బా తెచ్చినప్పుడల్లా "జర నాక్కూడ నేర్పు" అంటే, "నేనున్న గదనే, నీకెందుకు ఫికర్" అని నవ్వేవాడివి. ఆ నవ్వు గుర్తొచ్చి ఒళ్లు మండింది. మిషన్ను ఎగిరి తన్నాను. నా కాలి బొటనవేలే వాచింది.

మిగతా సగం గ్రీన్ నేను, కలుపు తీసే కొమురమ్మ ఇనుప ఫోర్కులతో పొడిచి, సాయంత్రానికి ఆ రంధ్రాల్లో ఇసుక నింపాం. అరచేతులు బొబ్బలెక్కాయి.

"కొత్తది తెప్పిస్త. దీన్ని పాత సామాన్లోనికి ఇచ్చెయ్" అన్నాడు మేనేజర్.

"ఇయ్యను సార్. రేపు ఇంకోసారి చూస్త" అన్నాను.

కొమురమ్మ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. మిషన్ను నేనే షెడ్డుకు తోసుకెళ్లాను. హ్యాండిల్‌కు నువ్వు చుట్టిన పాత లుంగీ గుడ్డ ఇంకా అలాగే ఉంది. బొబ్బల చేతులకు మెత్తగా తగిలింది.

నీ ఎల్లమ్మ